ఒక్క రోజు సాక్ష్యం: పాత మినీ కారు, పదేళ్ళ పరీక్ష

పాత కారు కొనబోయే మనిషి మనసులో నిజానికి రెండు ప్రశ్నలుంటాయి. ఈ బండి నన్నూ, ఎదురుగా వచ్చేవాణ్ణీ ప్రమాదంలో పడవేయకుండా నడుస్తుందా అన్నది మొదటిది. రేపు ఉదయం వానలో స్టార్టవుతుందా అన్నది రెండవది. మొదటిది రోడ్డుయోగ్యతకు, రెండవది మన్నికకు సంబంధించినవి. చేతిలో ఒక సర్టిఫికెట్టు పెట్టగానే రెండింటికీ జవాబు దొరికిందని సంబరపడతాం. ఇవి రెండూ ఎంత వేరో తెలియాలంటే బ్రిటన్‌లో ఒక చిన్న కారూ, ఒక ప్రభుత్వ పరీక్షా కలిసి పెరిగిన కథను ఒకసారి చూడాలి.

1959 ఆగస్టు 26న బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ మినీ కారును లోకానికి చూపించింది. రూపకర్త అలెక్ ఇసిగోనిస్. 1956 నాటి సూయజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను వచ్చిన తరువాత పుట్టిన ఆలోచన అది. పదడుగుల పొడవున్న బండిలో నలుగురిని కూర్చోబెట్టడానికి ఆయన ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుబాక్సును దాని కిందికి చేర్చాడు. ధర 500 పౌండ్ల లోపే.

అదే సంవత్సరం నవంబరు 2న రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ఎం-1 మోటారు రహదారిని ప్రారంభించాడు. దాని మీద అప్పటికి వేగ పరిమితి లేదు. యుద్ధానంతరం కొత్త కార్లలో అధిక భాగం ఎగుమతికే పోవడంతో, యుద్ధానికి ముందు తయారైన బళ్ళు ఇంకా ఎన్నో దేశంలో తిరుగుతుండేవి. రోడ్డు కొత్తది, బ్రేకులు పాతవి. ఈ పొంతన కుదరని కాలంలోనే, 1956 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ఇచ్చిన అధికారంతో, మార్పుల్స్ 1960లో తప్పనిసరి పరీక్షను ప్రవేశపెట్టాడు. పదేళ్ళు నిండిన బండికి ఏడాదికొకసారి బ్రేకులు, దీపాలు, స్టీరింగు చూస్తారు, అంతే. జనం దానిని 'పదేళ్ళ పరీక్ష' అన్నారు. మంత్రిత్వశాఖ పేరులోని పొడి అక్షరాలతో ఎం.ఓ.టి. అని కూడా అన్నారు. 1970లో ఆ శాఖ మరో శాఖలో కలిసిపోయింది గాని, పరీక్షకు ఆ పేరు నేటికీ నిలిచింది.

ఫలితాలు చూసి ప్రభుత్వమే ఉలిక్కిపడింది. తప్పిన బళ్ళ సంఖ్య అంత ఎక్కువగా ఉండడంతో 1961 చివరికే పదేళ్ళ గడువును ఏడేళ్ళకు తగ్గించారు. 1967 ఏప్రిల్‌లో మూడేళ్ళకు కుదించారు.

ఇక మన మినీ సంగతి. తొలినాళ్ళ మినీలలో నేల రేకుల అతుకు వాననీరు లోపలికి చేరేటట్టుగా ఉండేది; తివాచీలు తడిసిపోయేవి. డిస్ట్రిబ్యూటరు ముందు జాలీ వెనకనే ఉండడం వల్ల జోరువానలో తడిసి, ఇంజను ఆగిపోయేది. ఇవన్నీ యజమానిని విసిగించే లోపాలే. కాని ఆనాటి పరీక్ష దృష్టిలో ఆ బండికి ఏ దోషమూ లేదు. బ్రేకులు పట్టాయి, దీపాలు వెలిగాయి, స్టీరింగు తిరిగింది. రోడ్డుయోగ్యత ఉంది, మన్నిక లేదు.

కాలం గడిచేకొద్దీ కథ తిరగబడింది. తడి సమస్యలను కంపెనీ సరిదిద్దింది. చిన్న ఇంజను గట్టిపిండమని పేరు తెచ్చుకుంది. రోగం మరోచోట పుట్టింది. మినీ వెనక చక్రాలను మోసేది కారు అడుగున బిగించిన ఒక ఉక్కు చట్రం. బ్రిటన్‌లో శీతకాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. చక్రాలు చిమ్మిన ఉప్పునీరు ఆ బోలు చట్రంలో చేరి, లోపలి నుంచి బయటికి తినుకుంటూ వచ్చేది. ఇంజను హాయిగా పాడుతూనే ఉంటుంది. దాన్ని మోసే ఒళ్ళు మాత్రం పొట్టులా రాలిపోతూ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఇప్పుడు మన్నిక ఉంది, రోడ్డుయోగ్యత లేదు!

1977లో పరీక్షను విస్తరించి, బండి ఒంటి దృఢత్వాన్ని కూడా అందులో చేర్చారు. సస్పెన్షను, సీటు బెల్టు వంటివి బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు రేకు పుచ్చిపోతే బండి తప్పినట్టే. ఆ నిబంధనకు చిక్కిన మినీలకు లెక్కలేదు. అమ్మేవాళ్ళూ ఊరుకోలేదు, పుట్టీ పూసి, నల్లరంగు కొట్టి పుచ్చును దాచే విద్య నేర్చారు. టింకరింగ్ షెడ్డు ఎరిగిన మన పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. పరీక్షించేవాడు తట్టి చూడవచ్చు గాని, విప్పి చూడడానికి వీల్లేదు.

మరో చిక్కు కూడా ఉంది. గ్రేట్ బ్రిటన్‌లో ఈ పరీక్షను అనుమతి పొందిన ప్రైవేటు గ్యారేజీలే చేస్తాయి. తప్పు పట్టినవాడే దానిని బాగుచేసి డబ్బు తీసుకోవచ్చు. పైగా ఇంజను, క్లచ్చు, గేరుబాక్సుల ఆరోగ్యం ఈ పరీక్ష పరిధిలోకి రాదు. కొనేవాడి జేబుకు చిల్లుపెట్టేవి సాధారణంగా ఆ మూడే కదా!

అంటే సర్టిఫికెట్టు వృథా అనా? కాదు. ఒక్క రోజు సాక్ష్యం అల్పమే, ఏళ్ళ తరబడి సాక్ష్యం అల్పం కాదు. ఈ సంగతి కంప్యూటర్లు వచ్చాక గాని తేటపడలేదు. 2005 ప్రాంతంలో కాగితపు సర్టిఫికెట్ల స్థానే ఫలితాలన్నీ ఒకేచోట నమోదు కావడం మొదలయింది; ప్రతి పరీక్షలోనూ మీటరు చూపిన మైళ్ళతో సహా. ఇప్పుడు నంబరు ప్లేటు చూసి ఎవరైనా ఆ బండి చరిత్ర చదవవచ్చు. మైళ్ళు వెనక్కి తిరిగితే మోసం బయటపడుతుంది. నాలుగేళ్ళుగా అదే తుప్పు గురించి హెచ్చరిక కనిపిస్తే, యజమాని స్వభావం కూడా బయటపడుతుంది. 2010లో యజమానుల వివరాలు లేకుండా మొత్తం లెక్కలు ప్రజల ముందుంచారు. ఏ మోడలు ఎంత శాతం తప్పుతోందో పోల్చే వీలు కలిగింది. అయితే ఆ శాతంలో తయారీ ఎంత, వయసెంత, యజమాని అశ్రద్ధ ఎంత అన్నది విడదీసి చదవాలి. ఆరిపోయిన బల్బుకూ, అరిగిన టైరుకూ కారు కంపెనీని నిందించలేం.

మన దేశానికి వస్తే, 1988 మోటారు వాహనాల చట్టం సొంత కారుకు 15 ఏళ్ళ రిజిస్ట్రేషను ఇస్తుంది. ఫిట్‌నెస్ తనిఖీ, ఆపైన ఐదేళ్ళకొకసారి. లారీకీ, ఆటోకీ బ్రేకు ఇన్‌స్పెక్టరు భయం ఉంది. సొంత కారుకు ఆ 15 ఏళ్ళూ తెలిసిన మెకానిక్ మాటే ప్రమాణం. ఆ మాట మంచిదే కావచ్చు, కాని ఎక్కడా రాసి ఉండదు. బండి చేయి మారినప్పుడు దాని చరిత్ర పాత యజమాని దగ్గరే ఉండిపోతుంది.

చివరికి మినీ ఏమైందంటారా? 2000 అక్టోబరులో తయారీ ఆగింది. అప్పటికి 53 లక్షలకు పైగా బళ్ళు బయటికి వచ్చాయి. 2018 మేలో బ్రిటన్ ప్రభుత్వం, పెద్ద మార్పులేవీ చేయని 40 ఏళ్ళ పైబడిన కార్లకు పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. పరీక్ష కన్న ఏడాది ముందు పుట్టిన తొలి మినీకి నేడు ఆ పరీక్షే అక్కరలేదు. రోడ్డుకు తగిన స్థితిలో ఉంచవలసిన బాధ్యత మాత్రం యజమానిదేనని చట్టం గుర్తుచేస్తోంది. ఆ బాధ్యత ఆయన మీద మొదటి రోజు నుంచీ ఉన్నదే. సర్టిఫికెట్టు ఏడాదికొకసారి దాన్ని జ్ఞాపకం చేసేది, అంతే.