చదివినవి 279: ఒక పాత పుస్తకాల చిట్టా కథ

"ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పు గురూ" అని అడిగేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు చెప్పాలంటే మాత్రం మనం చదివినవన్నీ గుర్తుండాలి, వాటిలో ఏముందో గుర్తుండాలి, అడిగినవాడి రుచి ఏమిటో తెలియాలి. మన సాఫ్టువేరు జనాలకి ఇలాంటి సమస్య ఏదొచ్చినా తోచే మందు ఒక్కటే, ఎక్సెల్ షీటు! పుస్తకం పేరు, రచయిత పేరు, మొదలెట్టిన తేదీ, ముగించిన తేదీ, అయిదుకి ఎన్ని చుక్కలు. నా దగ్గరా అలాంటి షీటు ఒకటుంది. చదివినవాటికి లెక్క రాసే ఈ అలవాటు ఎప్పటిది, ఎవరికి మొదలైంది అని వెతుక్కుంటూ పోతే తొమ్మిదో శతాబ్దపు కాన్‌స్టాంటినోపుల్‌లో తేలాను. (ఇప్పటి ఇస్తాంబుల్ అన్నమాట.)

అక్కడ ఫోటియస్ అని ఒకాయన ఉండేవాడు. బైజాంటైన్ చక్రవర్తి కొలువులో పెద్ద ఉద్యోగి. తర్వాత 858లో ఈయన్ని ఏకంగా చర్చికి అధిపతిని చేశారు. అప్పటిదాకా మామూలు గృహస్థుడిలాంటివాడు కదా, అందుకని చర్చిలో కింద నుంచి పైదాకా ఉన్న హోదాలన్నీ వారం తిరక్కుండానే వరసగా ఇచ్చేసి, క్రిస్మస్ నాటికి పీఠం మీద కూర్చోబెట్టారు. మన అప్రైజళ్ళలో ఇంత వేగం ఎక్కడా చూడలేదు :) ఆ పదవి వల్ల రోములోని పోపుతో పెద్ద గొడవలయ్యాయి, 867లో పదవి పోయింది, పదేళ్ళకి మళ్ళీ వచ్చింది, 886లో మళ్ళీ పోయింది. చరిత్ర పుస్తకాల్లో ఈయన పేరు ఎక్కువగా వినబడేది ఈ గొడవల వల్లే. మనకి కావలసిన కథ మాత్రం అది కాదు.

ఫోటియస్‌ని ఒకసారి అరబ్బు ఖలీఫా దగ్గరికి వెళ్ళే రాయబార బృందంలో వేశారు. ఏ సంవత్సరంలో అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయనకి తరాసియస్ అని ఒక సోదరుడు. (అన్నో తమ్ముడో తేలదు. మనకున్నట్టు గ్రీకు వాళ్ళకి రెండు వేరే మాటలు లేవు, పాపం.) నువ్వు ఊరు వదిలి పోతున్నావు, నేను లేనప్పుడు నువ్వు చదివిన పుస్తకాలలో ఏముందో రాసిపెట్టి వెళ్ళమని తరాసియస్ అడిగాడు. ఆ కోరిక తీర్చడానికి రాసిందే ఇప్పుడు మనం 'బిబ్లియోథికా', అంటే గ్రంథాలయం, అని పిలుస్తున్న పుస్తకం. ఆ పేరు తర్వాతివాళ్ళు పెట్టింది. ఆయన పెట్టిన పేరు చాంతాడంత ఉంటుంది. క్లుప్తంగా చెప్పాలంటే, మేము చదివిన పుస్తకాల పట్టిక, మా ప్రియ సోదరుడు తరాసియస్ అడిగిన వివరాలతో, లెక్కకి మూడు వందలకి ఇరవై ఒకటి తక్కువ. అంటే 279. ఇవాళ అచ్చులో ఉన్న ప్రతుల్లో చూస్తే అంకెలు 280 దాకా ఉంటాయి. ఒకటి తేడా వచ్చే బగ్గు మన వృత్తి కంటే చాలా పాతదన్నమాట!

ఇందులో ప్రతి పద్దూ దాదాపు ఒకే మాటతో మొదలవుతుంది. తెలుగులో చెప్పాలంటే "చదవబడినది" అని. ఆ తర్వాత రచయిత, పుస్తకం పేరు, ఎన్ని భాగాలు, లోపల ఏముంది, శైలి ఎలా ఉంది. కొన్ని పద్దులు రెండు మూడు వాక్యాల్లో అయిపోతాయి. కొన్ని పేజీలకి పేజీలు సాగుతాయి. పుస్తకానికి ఇంత అని కొలత ఏమీ పెట్టుకోలేదు. విషయాల వారీగా సర్దలేదు కూడా, గుర్తొచ్చిన వరసలో రాశానని ముందే చెప్పేశాడు. ఒక సంపుటంలో ఒకటి కంటే ఎక్కువ రచనలు ఉన్నచోట్లు కూడా కలుపుకుంటే మొత్తం 380కి పైగా రచనలు.

నాకు నచ్చిన సంగతి ఏమిటంటే ఆయన మొహమాటపడడు. అఖిలీస్ టేటియస్ అనే ఆయన రాసిన ప్రేమకథ గురించి రాస్తూ భాష ఎంత బాగుందో మెచ్చుకుంటాడు, వెంటనే అందులోని బూతుని దులిపేస్తాడు. ఒక్క అయిదు చుక్కల లెక్కలో ఈ రెండు ముక్కలూ ఎలా ఇరికిస్తాం? మూడు చుక్కలు ఇస్తే బాగా రాశాడన్న సంగతీ పోతుంది, ఎందుకు చిరాకు వేసిందన్న సంగతీ పోతుంది.

ఇంకో తమాషా. ఇంత పెద్ద పట్టికలో హోమర్ లేడు, ప్లేటో లేడు, అరిస్టాటిల్ లేడు. పద్యం దాదాపుగా లేనే లేదు. ఫోటియస్‌కి అవి తెలియవా అంటే, తెలియకపోవడమేమిటి, గొప్ప పండితుడాయె. అవన్నీ చదువుకున్న ప్రతివాడూ బడిలోనే చదివేసి ఉంటాడు, తరాసియస్‌కి మళ్ళీ చెప్పడం ఎందుకని వదిలేసి ఉంటాడని చాలామంది అంచనా. పుస్తకం సిఫార్సు చేసేవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే అనుకుంటాను. అందరికీ తెలిసిన పది పేర్లే తిప్పి తిప్పి చెబితే అడిగినవాడికి ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఫోటియస్ చదివి లెక్క రాసిన వాటిలో దాదాపు సగం ఇవాళ పూర్తిగా దొరకవు. 1204లో క్రూసేడ్ సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్నాయి, 1453లో ఊరు తురకల వశమైంది, మధ్యలో అగ్నిప్రమాదాలూ చెదపురుగులూ ఉండనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరూ తిరిగి నకలు రాయని పుస్తకం దానంతటదే చచ్చిపోతుంది. అలా పోయినవాటిలో చాలావాటి గురించి మనకి తెలిసిందంతా, లేదా తెలిసినదాంట్లో ఎక్కువ భాగం, సోదరుడి కోసం ఈయన రాసిన ఆ పద్దే!

మనకి దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. క్టీసియస్ అని ఒక గ్రీకు వైద్యుడు క్రీస్తుకి పూర్వం 400 ప్రాంతంలో పారశీక చక్రవర్తి ఆస్థానంలో పనిచేశాడు. అక్కడ విన్న కబుర్లతో మన దేశం మీద 'ఇండికా' అని ఒక పుస్తకం రాశాడు. ఇండియా గురించి గ్రీకులు ప్రత్యేకంగా రాసిన పుస్తకాల్లో బాగా పాతది ఇది. మెగస్తనీస్ కంటే సుమారు వందేళ్ళు ముందు. ఆయన ఇటువైపు రానేలేదు. పుస్తకం పోయింది. ఇవాళ దాన్ని గురించి మాట్లాడేవాళ్ళు ముఖ్యంగా ఆధారపడేది ఫోటియస్ పట్టికలోని 72వ పద్దు మీద. అందులో మనుషుల్లా మాట్లాడే పక్షి వస్తుంది. అది ఇండియా భాష మాట్లాడుతుందట, గ్రీకు నేర్పితే గ్రీకు కూడా మాట్లాడుతుందట. ఎవరో కాదు, మన రామచిలకే! ఒంటికొమ్ము గాడిదలూ, కుక్క తలల మనుషులూ, ఏటా కరిగిన బంగారంతో నిండే ఊట కూడా ఉన్నాయి. ఇవన్నీ చెప్పాక ఫోటియస్ ఒక మాట అంటాడు. ఈ రచయిత ఇన్ని కథలు చెబుతూ తానంత నిజాయితీపరుడు లేడంటాడనీ, చదివేవాళ్ళు నమ్మరేమోనని ఇంకా వింతైనవి వదిలేశానని కూడా చెప్పుకున్నాడనీ. చదివి నవ్వుకుంటూ రాసినట్టే ఉంటుంది. ఇదీ సమీక్షంటే.

ఫోటియస్ తన అభిప్రాయం మాత్రమే రాసి ఊరుకుని ఉంటే మనకి దక్కేది "అబద్ధాలకోరు, శైలి పర్వాలేదు" అన్న ఒక్క ముక్క. తరాసియస్ దగ్గర ఆ పుస్తకం ఉండకపోవచ్చు కనుక లోపల ఏముందో కూడా చెప్పాల్సి వచ్చింది. అందుకే చిలక బతికింది.

ఇదే పని మన దగ్గరా జరిగింది, కొంచెం వేరే పద్ధతిలో. సుమారు 1400 ప్రాంతంలో మడికి సింగన అనే కవి రాజనీతి మీద అప్పటికి తెలుగులో ఉన్న పద్యాలని ఏరి 'సకలనీతిసమ్మతము' అని కూర్చాడు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో కూడా చెబుతూ పోయాడు. వాటిలో 'ముద్రామాత్యము' లాంటి గ్రంథాలు తర్వాత కనబడకుండా పోయాయి. వాటి రుచి మనకి తెలిసిందంటే సింగన చలవే. పాత సంకలనాల్లో ఇలా మిగిలిన పద్యాలని వెతికి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1918లో 'ప్రబంధరత్నావళి' వేశారు. అందులో కొందరు కవులవి పుస్తకాలు లేవు, నాలుగైదు పద్యాలే ఉన్నాయి. ఎవరో చదివారు, నచ్చాయి, ఎత్తి రాసుకున్నారు. అంతే మిగిలింది.

ఇక ఎవరి కోసమూ కాకుండా తన కోసమే లెక్క రాసుకున్నవాడు ఒకడున్నాడు, చార్లెస్ డార్విన్. 1838 నుంచి 1860 దాకా చదవాల్సినవి ఒకచోట, చదివినవి ఒకచోట నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. వ్యాఖ్యలు ఒకటి రెండు మాటల్లోనే ఉంటాయి. ఇవి కాక, తన సొంత పుస్తకమైతే చివరి పేజీల్లో పనికొచ్చే విషయాలకి సూచిక రాసుకునేవాడు, అరువు పుస్తకమైతే విడిగా సారాంశం రాసి సొరుగులో పడేసేవాడు. 1876లో ఆత్మకథ రాస్తూ, జనాభా మీద మాల్థస్ రాసిన పుస్తకాన్ని 1838 అక్టోబరులో కాలక్షేపానికి చదివానని చెప్పుకున్నాడు. పరిణామ సిద్ధాంతానికి మలుపు అదే కదా. ఆయన నోటుపుస్తకంలో మాల్థస్ ప్రస్తావన 1838 సెప్టెంబరు 28 తేదీ కిందే కనబడుతుంది. రోజుల తేడాయే కానీ, జీవితాన్ని మార్చిన పుస్తకం విషయంలో కూడా జ్ఞాపకం కొంచెం జరుగుతుందన్నమాట. అంతే కాదు, కాలక్షేపం అనుకున్న ఆ పుస్తకం చుట్టూ ఆయన ఏమేం చదువుతున్నాడో పట్టికలో వరసగా కనబడుతుంది. 2017లో కొందరు పరిశోధకులు ఈ పట్టికలోని పుస్తకాలని కంప్యూటరుకెక్కించి, డార్విన్ ఎప్పుడు తెలిసిన దారిలోనే తవ్వాడో, ఎప్పుడు కొత్త విషయాలకి దూకాడో లెక్క కట్టారు. మొదట్లో తవ్వకం, పోను పోను దూకుడు. తేదీలు వేసుకోబట్టి కదా ఇది సాధ్యమైంది!

ఇన్ని చెప్పి మన కాలానికి రాకపోతే బాగోదు. 2006లో షెల్ఫారి అని ఒక సైటు వచ్చింది. ఎంతోమంది తమ పుస్తకాల అరలు అందులో సర్దుకున్నారు. అమెజాన్ దాన్ని కొని, 2016లో మూసేసి, అక్కడి లెక్కలని గుడ్‌రీడ్స్‌కి తెచ్చుకోమంది. పదేళ్ళ ఆయుష్షు! ఫోటియస్ పట్టిక మనకి చేరింది ముఖ్యంగా రెండు పాత రాతప్రతుల వల్ల. ఒకటి పదో శతాబ్దపుది, రెండోది పన్నెండోది అంటారు. బెస్సారియన్ అనే మతాధికారి తన పుస్తకాలన్నీ 1468లో వెనిస్ నగరానికి రాసిచ్చేస్తే ఆ రెండూ అక్కడికి చేరి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మొదటిసారి అచ్చయింది 1601లో, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో. బ్యాకప్ ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండాలని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు కానీ, మన సొంత చదువు లెక్క దగ్గరికొచ్చేసరికి ఎంతమంది పాటిస్తున్నాం?

అందుకని నా షీటులో రెండు గళ్ళు చేర్చాను. ఒకటి, "లోపల ఏముంది" - పుస్తకం ఇంక దొరకదు అనుకుని రాయాలి, కనీసం అయిదు వాక్యాలు. రెండోది, "ఎవరికి" - అక్కడ ఒక మనిషి పేరు ఉండాలి. పేరు రాశాక వాక్యం తీరే మారిపోతుంది. ఇది అందరూ చదవదగ్గది అని ఎవరికీ పనికిరాని మాట రాయబుద్ధి కాదు. మా బాబాయికైతే రైల్వే గురించి ఉన్న మూడో అధ్యాయం గురించి చెబుతాను, టీములో కొత్తగా చేరిన కుర్రాడికైతే మొదటి యాభై పేజీలు ఓపిక పట్టమంటాను. నెలకోసారి ఆ షీటుని మామూలు టెక్స్టు ఫైలుగా మార్చి రెండు చోట్ల దాస్తున్నాను, ఒక ప్రింటు కూడా తీసి బీరువాలో పెడుతున్నాను.

ఫోటియస్ పుస్తకం చివర్లో తరాసియస్‌తో అన్న మాట ఒకటుంది. ఈ ప్రయాణంలో నాకేమైనా జరిగితే నువ్వడిగింది నీ చేతిలో ఉంది, క్షేమంగా తిరిగొస్తే ఇది మరికొన్నిటికి మొదలు అనుకో, అని. ఆయన తిరిగొచ్చాడు. మరి మీ చిట్టాలో "ఎవరికి" అన్న గడిలో మొదట ఎవరి పేరు రాస్తారు?