జొన్న, ల్యూసిన్, పెల్లాగ్రా: దక్కను పీఠభూమిలో ఒక ఎంజైము వాదం

అనంతపురం జిల్లా వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్నది. ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతాల నల్లరేగడిలో మిగిలిన తేమతోనే పండగలిగిన ధాన్యం జొన్న. వేరుశనగ ఈ నేలను ఆక్రమించకముందు పేదవాని పూట గడిచింది జొన్న రొట్టెతో, జొన్న సంగటితో. 1876–78 నాటి కరవులో ఈ సీమ బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం వేరు జిల్లా అయినది 1882లో. ఆ కరవుకాలంలో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది చాలదని ఎదిరించాడు. వాదం ప్రధానంగా తూకం చుట్టూ తిరిగింది. కడుపు నిండా తిన్నప్పటికీ ఒకే ధాన్యం మనిషికి కీడు చేయగలదా అన్న ప్రశ్న ఈ పీఠభూమిలో గట్టిగా వినబడడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

ఆ ప్రశ్నను తెచ్చినది పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, అంటే మెడ మీద, చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది; విరేచనాలు పట్టుకొంటాయి; చివరకు మతి తప్పుతుంది. యూరప్, అమెరికాలలో ఇది మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడింది. 1937లో ఎల్వేజెమ్ బృందం కుక్కల్లో దీనికి సాటి అయిన ‘నల్లనాలుక’ జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేసింది. నయాసిన్ అన్నా ఇదే. 1945లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా ఆ లోటు తీర్చగలదని తేలింది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి శరీరం ఒక మిల్లీగ్రాము నయాసిన్‌ను తయారు చేసుకొంటుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ; కనుక లెక్క సరిపోయినట్లే కనిపించింది.

అయితే జొన్న దగ్గర లెక్క తప్పింది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఇక్కడి ఆసుపత్రులకు వచ్చిన పెల్లాగ్రా రోగులలో ఎక్కువమంది జొన్న తినే పేదలు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలోవలె అంత కొరతగా లేదు. 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఊహను ప్రకటించారు. జొన్న ప్రోటీనులో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉన్నది. రోగానికి కారణం లేనిది కాదు, ఎక్కువైనది. పోషకాహార శాస్త్రం అప్పటికి అర్ధశతాబ్దంగా లోపాల భాషలోనే ఆలోచిస్తున్నది. ఈ ఊహలోని సాహసం అక్కడే ఉన్నది.

ఎక్కువైన ఒక పదార్థం మరొకదాని తయారీని ఎట్లా ఆపుతుంది? దీనికి ఎంజైముల స్వభావం తెలియాలి. రసాయన చర్య జరగాలంటే అణువులు ముందుగా ఒక శక్తి గట్టును దాటాలి. ఎంజైము తన క్రియాశీల స్థానంలో అధస్థ పదార్థాన్ని, అనగా మార్పు చెందవలసిన అణువును, తగిన భంగిమలో పట్టి ఆ గట్టును తగ్గిస్తుంది. తాను మాత్రం ఖర్చు కాదు. ఎమిల్ ఫిషర్ 1894లో దీనిని తాళం, తాళంచెవులతో పోల్చాడు. అదే స్థానంలో వేరొక అణువు వచ్చి కూర్చుంటే పని కుంటుపడుతుంది. ఇది స్పర్ధాత్మక నిరోధం. ఇందులో గెలుపోటములు ఎవరెంత మంది ఉన్నారన్న దానిని బట్టి ఉంటాయి. అధస్థ పదార్థం పుష్కలంగా ఉంటే నిరోధకం తేలిపోతుంది. కొరతగా ఉంటే నిరోధకానిదే పైచేయి.

ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ న్యూక్లియోటైడ్లకు పోయే దారిలో పలు ఎంజైములు వరుసగా పనిచేస్తాయి. హైదరాబాదు పరిశోధకులు, వారిలో భవానీ బెలవాడి ఒకరు, ల్యూసిన్ ఎక్కువైన ఆహారంతో కుక్కలకు నల్లనాలుక వస్తుందని, ఐసోల్యూసిన్ దానికి విరుగుడు అని చూపారు. 1973లో ఘఫూరున్నీసా, బి. ఎస్. నరసింగరావు ఎలుకల కాలేయంలో, మూత్రపిండాలలో ఈ దారిలోని ఎంజైములను కొలిచారు. క్వినోలినేట్ ఫాస్ఫోరిబోసిల్ ట్రాన్స్‌ఫెరేజ్ పని తగ్గినట్లు వారి ఫలితం. కణజాలంలో ఒక ఎంజైము పని తగ్గడం వేరు, ల్యూసిన్ స్వయంగా దానిని అడ్డుకోవడం వేరు; ఈ తేడాను తరువాత ఉదహరించిన వారందరూ పాటించలేదు.

విదేశాలలో కొన్ని ప్రయోగశాలలకు అవే ఫలితాలు రాలేదు. మాన్సన్, కార్పెంటర్‌లు 1978లో కోడిపిల్లల మీద, కుక్కల మీద చేసిన ప్రయోగాలలో ల్యూసిన్ ప్రభావం కనబడలేదు. 1983లో మగ్‌బూల్, బెండర్‌లు చూపినది మధ్యేమార్గం. ల్యూసిన్ కైన్యురెనినేజ్ అనే మరో ఎంజైముకు స్పర్ధాత్మక నిరోధకం. కాని ఆహారంలో నయాసిన్ చాలక, ఎలుక ట్రిప్టోఫాన్ మీదనే ఆధారపడినప్పుడే దాని కీడు బయటపడింది. ఈ వాదంలో అన్నిటికన్నా ఆలోచింపదగిన ఫలితం ఇదే. బాగా మేపిన జంతువులో దొరకని దోషం అరకొర తిండి తిన్న జంతువులో దొరుకుతుంది. జొన్న తప్ప పప్పు, పాలు ఎరుగని కూలీ ఏ జంతువుకు దగ్గర? పైగా కైన్యురెనినేజ్ పనిచేయడానికి విటమిన్ బి6 కావాలి. అది కూడా అటువంటి కంచంలో అంతంతమాత్రమే.

ప్రయోగశాలల వాదం తెగకముందే కంచం మారిపోయింది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అనంతపురంలో జొన్న, కొర్ర చేలు అధిక భాగం వేరుశనగకు పోయాయి. చౌక బియ్యం కరవు ఇళ్ళకు చేరింది. ఆసుపత్రులలో పెల్లాగ్రా రోగులు తరువాతి దశాబ్దాలలో బాగా తగ్గిపోయారు. దీనిని ల్యూసిన్ వాదానికి రుజువుగా చూపేవారున్నారు. అది పూర్తిగా నిలవదు. బియ్యంతో పాటు ఆదాయం, కూరగాయలు, మందులు కూడా మారాయి. కూనూరు రోజులలోనే, 1940లో, అక్రాయిడ్, స్వామినాథన్‌లు బియ్యం తినేవారికి అందే నికోటినిక్ ఆమ్లం మొక్కజొన్న తినేవారికన్నా తక్కువ కావచ్చని, అయినా వారిలో పెల్లాగ్రా లేదని గమనించారు. బియ్యపు కంచాన్ని కాపాడినదేమిటో నయాసిన్ లెక్క ఒక్కటే చెప్పజాలదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత జొన్న రొట్టె పట్టణాలకు ఆరోగ్యాహారంగా తిరిగివచ్చింది. దానిని ఇప్పుడు తినేవారి పక్కన పప్పు ఉంటుంది, పెరుగు ఉంటుంది, మాంసమూ ఉంటుంది. ల్యూసిన్ పోటీలో అధస్థ పదార్థం వారి వైపు పుష్కలం. గోపాలన్ చూసిన రోగికి ఉన్నది రొట్టె, కారం.