తుపాకులకు తుప్పు నివారణ

తుపాకులకు తుప్పు నివారణ అనగా, ఉపయోగంలో లేకుండా భద్రపరచిన తుపాకుల ఇనుప, ఉక్కు భాగాలను తేమ వలన, లవణాల వలన కలిగే లోహక్షయం నుండి కాపాడే పద్ధతి. సైనిక ఆయుధాగారాలు, పోలీసు గిడ్డంగులు, వస్తు ప్రదర్శనశాలలు, లైసెన్సు కలిగిన వ్యక్తులు దీనిని పాటిస్తారు. తరచుగా వాడే తుపాకీ కంటే మూలన పెట్టి మరచిపోయిన తుపాకీకే తుప్పు ప్రమాదం ఎక్కువ. వాడే తుపాకీని ఎవరో ఒకరు తుడుస్తూ ఉంటారు. పెట్టెలో దాచినదాని లోపల ఏమి జరుగుతున్నదో పైకి కనిపించదు.

తుప్పు పట్టడం కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. గొట్టం లోపలి గోడకు గుంటలు పడితే గురి తప్పుతుంది. తూటా ఉండే గదికి తుప్పు పడితే పేలిన తూటా గొట్టం బయటకు రాక తుపాకీ మొరాయిస్తుంది. స్ప్రింగులు, పిన్నులు క్షీణిస్తే భద్రతా మీట కూడా పనిచేయకపోవచ్చు.

తుప్పు పట్టే విధానం

ఇనుము, నీరు, ఆక్సిజన్ అనే మూడూ కలిసినపుడు తుప్పు ఏర్పడుతుంది. ఇది ఒక విద్యుత్ రసాయన చర్య. లోహపు ఉపరితలంపై పరచుకున్న పలుచని నీటి పొర విద్యుద్విశ్లేష్యంగా పనిచేస్తుంది. ఒక చోట ఇనుము ఎలక్ట్రానులను కోల్పోయి అయానులుగా నీటిలోనికి చేరుతుంది, వేరొక చోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రానులను గ్రహిస్తుంది. చివరకు ఏర్పడే జలయుత ఐరన్ ఆక్సైడే ఎర్రని తుప్పు. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. అది పొరలు పొరలుగా ఊడిపోతూ లోపలి లోహాన్ని తిరిగి గాలికి అప్పగిస్తుంది. పైగా తుప్పు తేమను పట్టి ఉంచుతుంది కనుక ఒకచోట మొదలైన తుప్పు తనంతట తానే విస్తరిస్తుంది.

నీరు కంటికి కనిపించేంతగా ఉండవలసిన అవసరం లేదు. గాలిలో తేమ ఒక హద్దు దాటగానే ఇనుము తుప్పు పట్టే వేగం హఠాత్తుగా పెరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నన్ తన ప్రయోగాలలో చూపించాడు. సాధారణ పరిస్థితులలో ఈ హద్దు సుమారు 60 శాతం సాపేక్ష ఆర్ద్రత. లవణాలు అంటిన లోహానికి ఇది ఇంకా తక్కువ. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది కనుకనే, ముట్టుకొని తుడవకుండా పెట్టిన తుపాకీపై కొద్ది రోజులకు వేలిముద్రల ఆకారంలోనే తుప్పు కనిపిస్తుంది.

తూటాల మసి

పాత కాలపు నల్లమందు కాలినపుడు మిగిలే మసిలో పొటాషియం లవణాలు ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పొగలేని మందు వచ్చిన తరువాత కూడా ఈ సమస్య తొలగిపోలేదు. తూటాను రగిలించే ప్రైమరులో పొటాషియం క్లోరేటు వాడేవారు. అది పేలిన తరువాత పొటాషియం క్లోరైడుగా మారి గొట్టంలో మిగిలిపోయేది. గుణంలో ఇది మన ఉప్పుకు దగ్గరి పదార్థం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఈ లవణం నూనెలో కరగదు, నీటిలో మాత్రమే కరుగుతుంది. అందువలన ఇటువంటి తూటాలు కాల్చిన గొట్టాన్ని ఎంత నూనె పెట్టి తుడిచినా ప్రయోజనం లేదు, నూనె పొర కింద ఉప్పు అలాగే ఉంటుంది. సైనికులు గొట్టంలో మరిగే నీరు పోసి కడగడం వెనుక ఉన్న కారణం ఇదే. వేడి నీరు ఉప్పును కరిగిస్తుంది, గొట్టాన్ని వేడెక్కించి త్వరగా ఆరేలా కూడా చేస్తుంది. ఆ తరువాతే నూనె పూయాలి.

ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రైమర్లలో క్లోరేటు ఉండదు. అయినప్పటికీ పాత సైనిక నిల్వల నుండి వచ్చిన తూటాలను వాడినపుడు ఈ జాగ్రత్త అవసరం.

ఉపరితల రక్షణ పూతలు

నీలిపూత: ఉక్కును క్షార, నైట్రేటు లవణాల వేడి ద్రావణంలో ముంచి, ఉపరితలంపై నల్లని మాగ్నటైటు పొర ఏర్పడేలా చేస్తారు. ఇది కూడా ఒక విధమైన ఐరన్ ఆక్సైడే. పాత పద్ధతిలో, లోహానికి కావాలనే సన్నని తుప్పు పట్టించి, నీటిలో మరిగించి, నల్లగా మారిన పొరను బ్రష్షుతో రుద్ది, అదే పనిని అనేకసార్లు చేసేవారు. నీలిపూత ఒంటరిగా ఇచ్చే రక్షణ స్వల్పమే. దాని సూక్ష్మరంధ్రాలలో నూనె నిలిచినపుడే అది ఉపయోగపడుతుంది.

ఫాస్ఫేటు పూత: ఉక్కును జింకు లేదా మాంగనీసు ఫాస్ఫేటు కలిగిన వేడి ఆమ్ల ద్రావణంలో ఉంచితే గరుకైన బూడిదరంగు పొర ఏర్పడుతుంది. ఈ విధానానికి ఇంగ్లండుకు చెందిన థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో పేటెంటు పొందాడు. అమెరికాలో పార్కర్ కంపెనీ దీనిని వ్యాప్తి చేయడం వలన పార్కరైజింగ్ అనే పేరు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా రైఫిళ్ళకు ఈ పూతను విస్తారంగా వాడారు.

క్రోమియం పూత: గొట్టం లోపలి గోడకు గట్టి క్రోమియం పూత పూస్తారు. జపాను వారి టైప్ 99 రైఫిలు, సోవియట్ ఏకే-47 ఇందుకు ఉదాహరణలు.

స్టెయిన్‌లెస్ స్టీలు: ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. 1965లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ స్టెయిన్‌లెస్ స్టీలుతో మోడల్ 60 రివాల్వరును విడుదల చేసింది. ఈ ఉక్కు తుప్పును చాలావరకు తట్టుకొంటుంది గాని, ఉప్పు గాలిలో వదిలివేస్తే దీనికీ మచ్చలు, గుంటలు పడతాయి.

వియత్నాం అనుభవం

లోహక్షయాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమి జరుగుతుందో వియత్నాం యుద్ధం తెలియజేసింది. 1960వ దశకం మధ్యలో అమెరికా సైనికులకు ఎం-16 రైఫిళ్ళు ఇచ్చినపుడు వాటి తూటా గదికి క్రోమియం పూత లేదు. తూటాలలోని మందు రకం మార్చడంతో మసి కూడా పెరిగింది. ఈ తుపాకీకి పెద్దగా శుభ్రత అవసరం లేదన్న అభిప్రాయం వ్యాపించింది, శుభ్రపరిచే సామగ్రి కూడా చాలినంత అందలేదు. ఆ దేశపు తేమ వాతావరణంలో తూటా గదులకు తుప్పు పట్టి, పేలిన తూటా గొట్టాలు లోపలే ఇరుక్కుపోయాయి. పోరాటం మధ్యలో తుపాకీ మొరాయించి సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. తరువాత వచ్చిన ఎం-16ఏ1 రైఫిళ్ళకు క్రోమియం పూత పూశారు, శుభ్రపరిచే సామగ్రిని, శిక్షణను సమకూర్చారు.

నూనెలు, గ్రీజులు

భద్రపరచవలసిన కాలాన్ని బట్టి పూతను ఎంచుకోవాలి.

కొద్ది వారాలకు: పలుచని ఖనిజ తైలం చాలును. మెత్తని బట్టకు నూనె అద్ది, లోహమంతటా కంటికి తడి కనిపించనంత పలుచగా పూయాలి. కొబ్బరినూనె, ఆముదం వంటి వంటింటి నూనెలు పనికిరావు. అవి కాలక్రమంలో గాలి తగిలి చిక్కబడి జిగురుగా మారుతాయి, లేదా ఆమ్లాలను ఏర్పరుస్తాయి.

కొన్ని నెలలకు: తుప్పు నిరోధకాలు కలిపిన చిక్కని నూనె లేదా మైనపు పూత వాడాలి. డబ్ల్యూడీ-40 అనే ద్రవం 1953లో అమెరికాలో తయారయింది. నీటిని తొలగించడమే దాని ముఖ్యోద్దేశం, పేరులోని అక్షరాలు కూడా ఆ అర్థాన్నే ఇస్తాయి. తడిసిన తుపాకీని ఆరబెట్టడానికి అది మంచిదే. కాని అది మిగిల్చే పొర చాలా పలుచన కనుక దీర్ఘకాలిక నిల్వకు దానిపై ఆధారపడకూడదు.

అనేక సంవత్సరాలకు: గ్రీజు వంటి దట్టమైన పూత అవసరం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కాస్మోలిన్ అనే పెట్రోలియం మైనాన్ని విరివిగా వాడింది. సోవియట్ యూనియన్ గిడ్డంగులలో గ్రీజు పూసి దాచిన మోసిన్-నాగాంట్ రైఫిళ్ళు దశాబ్దాల తరువాత బయటకు తీసినపుడు కూడా పనిచేసే స్థితిలో ఉన్నాయి. ఇటువంటి పూతను కిరోసిన్ వంటి ద్రావణితో తొలగిస్తారు. ఆ పని మంటలకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి.

నిల్వచేసే చోటు

ఎంత మంచి నూనె పూసినా పెట్టె లోపల గాలి తడిగా ఉంటే ప్రయోజనం తక్కువ. పెట్టెలో సాపేక్ష ఆర్ద్రతను 50 శాతం లోపు ఉంచడం మంచిది. దీనికి మూడు మార్గాలున్నాయి.

1. తేమను పీల్చే పదార్థాలు: సిలికా జెల్ ఇందులో ముఖ్యమైనది. కోబాల్టు క్లోరైడు కలిపిన రకం పొడిగా ఉన్నపుడు నీలం రంగులో ఉండి, తేమ పీల్చిన తరువాత గులాబీ రంగుకు మారుతుంది. దానిని సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి తిరిగి వాడవచ్చు. మూత సరిగా పడని పెట్టెలో ఇది త్వరగా నిండిపోతుంది.

2. స్వల్పంగా వేడిచేయడం: 30 డిగ్రీల వద్ద 80 శాతం ఆర్ద్రత గల గాలిని 35 డిగ్రీలకు వేడిచేస్తే, దానిలోని నీటి ఆవిరి పరిమాణం మారకపోయినా, సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతానికి తగ్గుతుంది. ఆయుధ బీరువాలలో చిన్న విద్యుత్ వేడి కడ్డీని అమర్చడం ఈ సూత్రంపై ఆధారపడినదే.

3. ఆవిరి నిరోధకాలు: కొన్ని అమైను సమ్మేళనాలు నెమ్మదిగా ఆవిరై, లోహంపై అతి పలుచని రక్షణ పొరగా చేరుతాయి. వీటిని అద్దిన కాగితంలో తుపాకీని చుట్టి ఉంచుతారు.

ఉష్ణోగ్రతలో ఆకస్మిక మార్పు కూడా హానికరం. 30 డిగ్రీల వద్ద 80 శాతం ఆర్ద్రత గల గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడితే నీటి బిందువులు ఏర్పడతాయి. అందువలన ఎయిర్ కండిషనర్ గదిలో 22 డిగ్రీల వద్ద ఉన్న తుపాకీని వర్షాకాలంలో బయటకు తెస్తే, చల్లని నీటి గ్లాసుకు పట్టినట్లే దానికీ చెమ్మ పడుతుంది. అది గది వేడికి వచ్చిన తరువాత తుడిచి నూనె పూయాలి. కోస్తా ఆంధ్రలో వర్షాకాలంలో గాలి తేమ ఎక్కువ, సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. కనుక రాయలసీమ, తెలంగాణాలలోని పొడి ప్రాంతాల కంటే అక్కడ తరచుగా పరీక్షించడం అవసరం.

తోలు ఒరలో, స్పాంజి పరచిన పెట్టెలో, గుడ్డ సంచిలో తుపాకీని ఎక్కువకాలం ఉంచరాదు. ఇవి తేమను పట్టి ఉంచుతాయి. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహానికి హాని చేస్తాయి.

భద్రపరిచే క్రమం

* మొదట తుపాకీ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోవాలి. మ్యాగజైను తీసివేసి, తూటా గదిని కంటితో చూసి, వేలితో తాకి పరీక్షించాలి.
* గొట్టాన్ని లోపలి నుండి శుభ్రపరచి, పూర్తిగా ఆరిన తరువాత పలుచగా నూనె పూయాలి.
* పై భాగాలను తుడిచి నూనె పూసి, ఆపైన ఒట్టి చేతితో ముట్టకూడదు.
* కర్ర మడమకు లోహపు నూనె అంటనీయరాదు. నూనె పీల్చిన కర్ర మెత్తబడుతుంది. గొట్టం మొనను కిందికి ఉంచి నిలబెడితే నూనె కర్రలోనికి జారదు.
* గొట్టం మొనకు దూది గాని గుడ్డ గాని కుక్కరాదు. అది చెమ్మను లోపల బంధిస్తుంది, మరచి కాల్చితే గొట్టం పగిలిపోతుంది.
* తూటాలను వేరుగా, పొడి చోట తాళం వేసి ఉంచాలి. వాటికి నూనె తగలనీయకూడదు. నూనె ప్రైమరులోనికి ఇంకితే తూటా పేలకపోవచ్చు.
* వర్షాకాలంలో నెలకొకసారి, మిగిలిన కాలంలో రెండు మూడు నెలలకొకసారి పరీక్షించాలి.
* తిరిగి వాడే ముందు గొట్టంలోని నూనె, గ్రీజు పూర్తిగా తుడిచివేయాలి. గొట్టంలో అడ్డు ఉంటే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

పురాతన ఆయుధాలు

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి ప్రదర్శనశాలలలోని ఆయుధాలకు నియమాలు వేరు. అక్కడ తుపాకీ పనిచేయడం ముఖ్యం కాదు, దాని చరిత్ర చెరగకుండా ఉండడం ముఖ్యం. గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తే తయారీదారు ముద్రలు, చెక్కడపు పని, పాత ఉపరితలం శాశ్వతంగా నశిస్తాయి. కదులుతున్న ఎర్రని తుప్పును మాత్రమే నూనెతో, అతి సన్నని ఉక్కు పీచుతో నెమ్మదిగా తొలగించి, మైనపు పూత పూస్తారు. లోహానికి పొడి గాలి మేలు చేసినా, అతిగా పొడిబారితే దానికి అమర్చిన కర్ర, దంతం పగులుతాయి. అందువలన నిపుణులు రెండింటికీ సరిపడే మధ్యస్థ ఆర్ద్రతను పాటిస్తారు.

భారతదేశంలో చట్టపరమైన అంశాలు

భారతదేశంలో తుపాకుల స్వాధీనం 1959 నాటి ఆయుధాల చట్టానికి, 2016 నాటి ఆయుధాల నియమావళికి లోబడి ఉంటుంది. 2019 సవరణ ప్రకారం సాధారణ లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. ఎన్నికల సమయంలో అధికారులు ఆదేశించినపుడు లైసెన్సుదారులు తమ ఆయుధాలను అప్పగించవలసి వస్తుంది. ఆ ఆయుధాలు వారాల తరబడి ఎవరూ ముట్టకుండా ఉంటాయి కనుక, అప్పగించే ముందే శుభ్రపరచి నూనె పూయడం, తిరిగి తీసుకొన్న వెంటనే పరీక్షించడం మంచిది. లోతుగా గుంటలు పడిన తుపాకీని స్వయంగా బాగుచేసి కాల్చి చూడరాదు. లైసెన్సు కలిగిన ఆయుధ మరమ్మతుదారుకు చూపించాలి.

ఇవి కూడా చూడండి

* తుప్పు
* లోహక్షయం
* సాపేక్ష ఆర్ద్రత
* రైఫిలు
* సాలార్‌జంగ్ మ్యూజియం