హైదరాబాదు నుండి శ్రీహరికోట వరకు: ఎక్స్-రే జంట తారల అన్వేషణ

ప్రాణికోటిని కాపాడే భూవాతావరణమే ఖగోళ శాస్త్రజ్ఞునికి ఒక్కొక్కప్పుడు అడ్డుగోడ అవుతుంది. నక్షత్రాల నుండి వచ్చే ఎక్స్-కిరణాలను అది నేలకు చేరనీయదు. అందువల్ల ఎక్స్-రే ఖగోళశాస్త్ర చరిత్ర ప్రధానంగా పరికరాలను నానాటికీ మరింత ఎత్తుకు చేర్చిన చరిత్ర. అందులో తెలుగునేలకు విశిష్టమైన స్థానం ఉన్నది.

1962లో రికార్డో జియాకోనీ బృందం అమెరికా నుండి పంపిన రాకెట్ వృశ్చిక రాశిలో ఒక ప్రబలమైన ఎక్స్-కిరణ జనకాన్ని గుర్తించింది. 1970లో కెన్యా తీరం నుండి ఎగసిన ఉహురు ఉపగ్రహం సెంటారస్ ఎక్స్-3 అనే జనకం సుమారు 4.8 సెకన్లకొకసారి స్పందిస్తున్నదనీ, 2.1 రోజులకొకసారి గ్రహణం పొందుతున్నదనీ కనుగొన్నది. దానితో అది జంట తార అని రుజువైంది. ఇటువంటి జంటలో ఒకటి సూర్యునికి పది రెట్లో అంతకు మించో ద్రవ్యరాశి గల తార. రెండవది న్యూట్రాన్ తార లేదా కృష్ణబిలం. భారీ తార విడిచే వాయువు రెండవదాని ఆకర్షణకు లోనై, కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది.

మన దేశంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1968లో హైదరాబాదు నుండి బెలూన్ల ద్వారా ఈ పరిశీలన ఆరంభించారు. భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువ కావడం వల్ల ఇక్కడ విశ్వకిరణాల రొద తక్కువ. తరువాతి సంవత్సరాలలో కృష్ణబిలంగా ప్రసిద్ధి చెందిన సిగ్నస్ ఎక్స్-1ను కూడా ఈ బెలూన్లు పరిశీలించాయి. అయితే బెలూన్ ఎంత ఎత్తుకు ఎగసినా దాని పైన కొంత గాలి మిగిలే ఉంటుంది. సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన కిరణాలే దానిని దాటి వస్తాయి. భారీ తార వాయువులోని ఇనుము వెలువరించే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల రేఖ అక్కడికి చేరదు. వర్ణపటంలో ముఖ్యమైన ఈ పుటను చదవాలంటే ఉపగ్రహమే శరణ్యం.

1975లో సోవియట్ భూమి నుండి ఎగసిన ఆర్యభట్టలో ఎక్స్-రే పరికరం ఉన్నది. కానీ కొద్ది రోజులకే విద్యుత్ లోపం వల్ల ప్రయోగాలు నిలిచిపోయాయి. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత, 1996 మార్చి 21న, శ్రీహరికోట నుండి వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-పి3 ఉపగ్రహం భారతీయ ఎక్స్-రే పరికరాలను మోసుకువెళ్ళింది. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుండే ఆస్ట్రోశాట్ కక్ష్యకు చేరింది. దానిలోని రెండు పరికరాలు కలిసి 0.3 నుండి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు వర్ణపటాన్ని నమోదు చేశాయి. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ వాటి బాటలోనే సాగింది.

ఇంత శ్రమకు ఫలితమేమిటి? ఇనుము రేఖ, కిరణాల శోషణ భారీ తార వాయువు ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా ఉన్నదో తెలుపుతాయి. వేలా ఎక్స్-1 వర్ణపటంలో సుమారు 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కనిపించే లోతు, దానిలోని న్యూట్రాన్ తార అయస్కాంత క్షేత్రం లక్ష కోట్ల గాస్‌లకు మించినదని చెబుతుంది. ఏ దూరదర్శినిలోనూ విడివిడిగా కనిపించని తారను కొలిచే తులాదండం వర్ణపటమే.

ఆస్ట్రోశాట్ సమాచారాన్ని అంతరిక్ష సంస్థ పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. పరికరాన్ని ఎత్తుకు చేర్చే భారాన్ని శ్రీహరికోట వహించింది. ఆ వర్ణపటాలను చదివి అర్థం చెప్పే బాధ్యత ఇక విశ్వవిద్యాలయాలది.