స్కూలు, అరబీ, ఉర్దూ: అలసిన పిల్లలకు భాష బరువు కాకుండా చూడడం ఎలా?

నాయుడుపేటలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో చాలామంది పిల్లల రోజు ఒకేలా నడుస్తుంది. ఫజర్ తర్వాతో, సాయంత్రం అసర్ తర్వాతో మసీదులో హజరత్ దగ్గర అరబీ. పగలంతా స్కూలు. ఓజిలి, పెళ్లకూరు వైపు నుంచి వచ్చే పిల్లలకైతే బస్సు, షేర్ ఆటో ప్రయాణం అదనం. ఆ తర్వాత ట్యూషను, హోంవర్కు. ఇవన్నీ అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అప్పుడు అమ్మీ ఉర్దూ ఖాయిదా తెచ్చి ముందు పెడుతుంది. అక్షరాలు కంటికి కనిపిస్తాయి గానీ బుర్రకెక్కవు. అమ్మీకి కోపం, పిల్లాడికి ఏడుపు.

ఇలా కొన్నాళ్లు గడిచాక ఇంట్లో ఒక మాట పుడుతుంది: "పదో తరగతి అయిపోనీ, అప్పుడు చూద్దాం లే." పదో తరగతి అయ్యాక ఇంటర్ వస్తుంది, దాని వెనకే ఈఏపీసెట్, నీట్ కోచింగ్. ఆపిన ఉర్దూ మళ్లీ మొదలుకాదు. మాట నాలుక మీద ఉంటుంది, లిపి మాత్రం చేతికి రాదు. పెళ్లి రుఖా, నికాహ్‌నామా, దాదా రాసి పెట్టుకున్న పాత ఉత్తరం ఇంట్లోనే ఉంటాయి, చదివేవాళ్లు ఉండరు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చే బిల్లు ఆమోదించింది. ఆ హోదా ఎంత గొప్పదైనా చదవడం రాని ఇంట్లో దాని వల్ల ఒరిగేది తక్కువే.

అలాగని అలసిన పిల్లల్ని కూర్చోబెట్టి రుద్దితే ఫలితం ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఉర్దూ అంటేనే తిట్లు గుర్తొచ్చే స్థితి వస్తుంది. ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది: పాఠాన్ని చిన్నది చేయాలి, ఆపకూడదు.

అలసట ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ పిల్లలు ఒక్క రోజులో ఎన్ని భాషల్లో తిరుగుతున్నారో లెక్కేస్తే విషయం అర్థమవుతుంది. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, ఆరో తరగతి నుంచి హిందీ, మసీదులో అరబీ. తమిళనాడు సరిహద్దు దగ్గరే కాబట్టి చెవిన తమిళం కూడా పడుతూ ఉంటుంది. వీటి మీద పుస్తకాల ఉర్దూ వచ్చి చేరుతుంది.

తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఎడమ నుంచి కుడికి నడిస్తే అరబీ, ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. తెలుగులో రాసిందే పలుకుతాం. ఉర్దూలో జబర్, జేర్, పేష్ అనే హ్రస్వ గుర్తులను మామూలుగా రాయరు. సీన్, రే కలిపి రాస్తే సందర్భాన్ని బట్టి 'సర్' (తల) అనీ చదవాలి, 'సుర్' (స్వరం) అనీ చదవాలి. అంటే ఉర్దూ చదవడమంటే ప్రతి మాట దగ్గరా కొంచెం ఊహించడమే. అలసిన బుర్రకు మొదట మొరాయించేది ఆ ఊహే.

ఖురాన్ నాజిరా గడగడా చదివే పిల్లలు కూడా ఉర్దూ పుస్తకం ముందు తడబడతారు. "అరబీ వస్తుంది కదా, ఉర్దూ ఎందుకు రాదు?" అని పెద్దలు విసుక్కుంటారు. ముస్‌హఫ్‌లో ప్రతి అక్షరానికీ గుర్తులు ఉంటాయి, అక్షరాలు నస్ఖ్ పద్ధతిలో వరసగా నిలబడి ఉంటాయి. ఉర్దూ పుస్తకం నస్తాలీఖ్‌లో ఉంటుంది. అక్షరాలు ఏటవాలుగా కిందికి జారుతూ ఒకదాని మీద ఒకటి వాలినట్టు కనిపిస్తాయి, గుర్తులు ఉండవు. అక్షరాలు చాలావరకు అవే అయినా చదివే పని వేరు. ఇది పిల్లల బద్ధకం కాదని ముందుగా ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి.

బద్ధకమా, అలసటా?

బద్ధకంగా ఉన్న పిల్లాడు ఆటకు పిలిస్తే లేచి పరుగెడతాడు. మెదడు అలసిన పిల్లాడు ఆటకు కూడా లేవడు. ఒకే లైను మూడుసార్లు చదివినా ఏం చదివాడో చెప్పలేడు. నిన్న వచ్చిన అక్షరంలోనే తప్పు చేస్తాడు, బే, తే, పేల నుక్తాలు తారుమారు చేస్తాడు. చిన్న మాటకే చిరాకు పడతాడు. ఇవి కనిపించిన రోజు కొత్త పాఠం చెప్పడం వృథా. అది నిలవదు, పైగా వచ్చింది కూడా కలగాపులగం అవుతుంది.

నిద్ర లెక్క ఒకసారి చూసుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకుని ఫజర్‌కు ఐదింటికి లేచే పిల్లాడికి దక్కేది ఆరు గంటలే. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించిన ఉర్దూ తెల్లారేసరికి సగం పోతుంది. ఫజర్‌కు లేచే ఇంట్లో పిల్లలు తొమ్మిదిన్నరకల్లా పడుకోవడమే అసలు మందు.

కొంచెమే, కానీ రోజూ

జర్మన్ పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో లెక్కగట్టాడు. ఒకేసారి రుద్దడం కంటే కొన్ని రోజులకు విడగొట్టి చదివితే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుస్తుందని కూడా గమనించాడు. ఆదివారం ఒక్కసారే గంటంబావు ఉర్దూ చెప్పడం కంటే వారానికి ఐదు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు చెప్పడం మేలు. గడిచే సమయం అంతే, మిగిలే చదువు వేరు.

ఆ పదిహేను నిమిషాలను మూడు ముక్కలు చేసుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు నిన్నటి లైన్లు మళ్లీ చదవాలి. తర్వాతి ఐదు నిమిషాల్లో నాలుగైదు కొత్త మాటలు. చివరి ఐదు నిమిషాలు చేత్తో రాయాలి. బాగా అలసిన రోజు మొదటి ముక్క ఒక్కటే చాలు. అది కూడా చేతకాకపోతే పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లాడు లైను మీద వేలు పెట్టి వింటే సరిపోతుంది. జ్వరమొస్తే మానేయొచ్చు. మామూలు అలసట అయితే మాత్రం వరసగా రెండు రోజులు ఖాళీ పోనివ్వకపోవడం మంచిది.

వేళ కూడా ముఖ్యమే. ఇంగ్లీషు, లెక్కల హోంవర్కు అయ్యాక చివర్న ఉర్దూ పెడితే దానికి మిగిలేది అలసటే. అరబీ పాఠానికి ముందో వెనకో ఆనించి పెడితే కన్ను అప్పటికే కుడి నుంచి ఎడమకు నడుస్తూ ఉంటుంది. స్కూలు నుంచి రాగానే పుస్తకం పట్టించడం కూడా మంచిది కాదు. తిండి, కాసేపు ఆట, ఆ తర్వాతే చదువు.

తెలుగు దారిలో ఉర్దూ

1801లో ఈస్టిండియా కంపెనీ కర్ణాటక రాజ్యాన్ని కలుపుకునే దాకా నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడి కింద ఉండేది. కచేరీలో, సంతలో, కోర్టులో నడిచిన ఫారసీ, ఉర్దూ మాటలు తెలుగులో అలాగే నిలిచిపోయాయి. పిల్లలకు ఇది పెద్ద ఆసరా. మాట ముందే తెలుసు కాబట్టి నేర్చుకోవాల్సింది దాని రాత ఒక్కటే.

ఉర్దూ రాతలో పిల్లల్ని ఎక్కువగా ఏడిపించేది 'జ' శబ్దానికి ఉన్న నాలుగు అక్షరాలు: జే, జాల్, జ్వాద్, జోయ్. వీటిని జాబితాలా బట్టీ పట్టించే కన్నా ఒక్కోదానికి ఒక్కో మాట తగిలిస్తే చాలు. తాజాలో ఉన్నది జే. కాగితానికి మూలమైన కాగజ్‌లో జాల్. హాజరులో, జిల్లాలో జ్వాద్. జులుంలో జోయ్. 'స' కూడా అంతే: సవాలులో సీన్, అసలులో, సాహెబ్‌లో స్వాద్, వారసుడికి మూలమైన వారిస్‌లో సే. 'త'కు రెండు: తాజాలో తే, తరహాలో తోయ్. రోజూ స్కూల్లో హాజరు పలికే పిల్లాడికి జ్వాద్ ఇక కొత్త అక్షరం కాదు.

ఇంటి మాట తప్పు కాదు

చాలా ఇళ్లలో అలసటకు ఇంకో కారణం దిద్దుబాటు. పిల్లాడు "నక్కో" అంటే "నహీఁ చాహియే అను" అంటారు. "కైకు" అంటే "క్యోఁ" అనాలంటారు. "కితాబాఁ" అంటే "కితాబేఁ" అని సరిచేస్తారు. నోరు తెరిచిన ప్రతిసారీ తప్పు పట్టించుకునే పిల్లలు నోరే తెరవరు. దక్కనీ చెడిపోయిన ఉర్దూ కాదు. గోల్కొండ, బీజాపూర్ దర్బారుల్లో కవిత్వం రాసిన భాష. గోల్కొండను ఏలిన మొహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి. ఇంట్లో ఇంటి మాటే మాట్లాడనివ్వాలి. పుస్తకం తెరిచినప్పుడు మాత్రం "పుస్తకంలో ఇలా రాస్తారు" అని చెబితే సరిపోతుంది. దక్కనీలో 'ఖాఫ్'ను 'ఖే'లా పలకడం మామూలే, రాసేటప్పుడు అవి రెండు వేర్వేరు అక్షరాలని గుర్తుచేస్తే చాలు.

పరీక్షలు, రంజాన్ కలిసొచ్చినప్పుడు

2024లో రంజాన్ మార్చి 12న మొదలైతే రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు 18న మొదలయ్యాయి. 2025లో రంజాన్ మార్చి 2న, పరీక్షలు 17న. సహరీకి లేవడం, తరావీహ్ దాకా మేల్కోవడం, పగలు ఉపవాసం, మధ్యలో పరీక్ష. ఇలాంటి వారాల్లో ఉర్దూలో కొత్త పాఠం పెట్టకూడదు. ఇఫ్తార్ తర్వాత ఐదు నిమిషాలు పాత పేజీ ఒకటి చదివితే చాలు. ఆ నెల లక్ష్యం ముందుకెళ్లడం కాదు, చేతిలో ఉన్నది జారిపోకుండా చూసుకోవడం. కొత్త అక్షరాలు, కొత్త పుస్తకం వేసవి సెలవులకు దాచిపెట్టాలి. సెలవుల్లో రోజుకు అరగంట ఇచ్చినా పిల్లలకు బరువు అనిపించదు.

పదో తరగతిలో ఉర్దూను మొదటి భాషగా తీసుకునే వీలుంది. అలా తీసుకున్న పిల్లలకు ఇది అదనపు పని కాదు, మార్కులొచ్చే సబ్జెక్టే. మిగతావాళ్లకు ఉర్దూలో పరీక్ష లేదు కాబట్టి మార్కుల భయం లేకుండా నేర్పొచ్చు. దాన్ని ఇంట్లో ఇంకో పరీక్షగా మార్చకపోతే మేలు.

స్కూలు బరువుకూ హద్దుంది

పిల్లల మీద చదువు బరువు గురించి యశ్‌పాల్ కమిటీ 1993లోనే కేంద్రానికి నివేదిక ఇచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంటకు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా రెండు గంటలకు మించకూడదు. అంతకు మించి ఇస్తుంటే తల్లిదండ్రులు స్కూల్లో అడగొచ్చు. హజరత్‌తో కూడా మాట్లాడుకోవాలి. పరీక్షల నెలలో సబఖ్ తగ్గించమని అడగడం బేఅదబీ కాదు.

ఇంట్లో నేర్పేవాళ్లు లేకపోతే రేఖ్తా ఫౌండేషన్ వారి ఆమోజిష్ ద్వారా ఫోన్‌లోనే లిపి నేర్చుకోవచ్చు. పెద్దయ్యాక చదవాలనుకునేవారికి కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి.

పాఠం పక్కన పెట్టాల్సిన సమయం

పాఠం తగ్గించి, నిద్ర పెంచి రెండు వారాలైనా మార్పు లేకపోతే అది చదువు అలసట ఒక్కటే కాకపోవచ్చు. తరచూ తలనొప్పి వస్తుంటే ముందు కళ్లు చూపించాలి. ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడే ఆడపిల్లలకు రక్తహీనత ఉందేమో డాక్టరు చేత పరీక్ష చేయించాలి. తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవి కూడా వద్దనడం, "నా వల్ల కాదు, నేను లేకపోతేనే మేలు" లాంటి మాటలు వినిపిస్తే ఖాయిదా మూసేసి, పిల్లల్ని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరును కలవాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగతా రోజుల్లో లెక్క సులువే. తొమ్మిదిన్నరకు పడక, అరబీకి ఆనించి పదిహేను నిమిషాల ఉర్దూ, అలసిన రోజు ఐదు నిమిషాలు, జుమ్మా రోజు సెలవు. ఏడాదికి ఒక సన్నటి పుస్తకం పూర్తయినా చాలు. పదో తరగతి అయ్యేనాటికి ఆ పిల్లాడు మళ్లీ మొదలుపెట్టాల్సిన పని ఉండదు, ఆపనే లేదు కాబట్టి.