పరీక్ష గదిలో తెర ఉండదు: ఏ-లెవెల్ సినిమా అధ్యయనం స్వరూపంపై ఒక పరిశీలన

ఇంగ్లండ్‌లో పదహారేళ్లు నిండిన విద్యార్థులు విశ్వవిద్యాలయంలో చేరేముందు రెండేళ్లపాటు సాధారణంగా మూడు పాఠ్యవిషయాలను ఎంచుకొని చదివే ఏ-లెవెల్ దశలో, గణితం, చరిత్ర, రసాయనశాస్త్రాల సరసన ఫిల్మ్ స్టడీస్‌కు, అంటే సినిమా అధ్యయనానికి కూడా చోటుంది. ఎడ్యుకాస్ పరీక్షా బోర్డు రూపొందించగా 2017లో బోధన మొదలైన పాఠ్యప్రణాళిక ప్రకారం విద్యార్థి పదకొండు పూర్తి నిడివి చిత్రాలను అధ్యయనం చేయాలి. రెండున్నర గంటల చొప్పున జరిగే రెండు రాతపరీక్షలకు చెరి 35 శాతం, విద్యార్థి స్వయంగా చేసే నిర్మాణానికి 30 శాతం మార్కులు కేటాయించారు. అంటే దృశ్యమాధ్యమానికి సంబంధించిన చదువులో 70 శాతం కలంతోనే తేలుతుంది. పైగా ఆ రాతపరీక్షల్లో సినిమాలోని ఒక్క ముక్కను కూడా విద్యార్థికి చూపరు. ఈ ఏర్పాటు పైకి పరీక్షా నిర్వహణకు సంబంధించిన సౌలభ్యంలా కనిపించినా, పాఠ్యవిషయం స్వభావాన్ని నిర్ణయించడంలో సిద్ధాంతాలకన్నా దానిదే పెద్ద పాత్ర అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సాహిత్య విద్యార్థి పద్యపాదాన్ని గుర్తుంచుకొని యథాతథంగా ఉదాహరించి, దానిమీద వ్యాఖ్యానం మొదలుపెట్టగలడు. సినిమా విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. షాట్‌ను, అంటే కెమెరా ఆగకుండా ఒక విడతలో తీసిన చిత్రభాగాన్ని, ముందు తన మాటల్లో వర్ణించి, ఆ తరువాతే విశ్లేషించాలి. కెమెరా ఎంత దూరంలో, ఏ ఎత్తులో ఉందో, మీజాన్‌సెన్, అంటే కెమెరా ముందు అమర్చిన స్థలం, వస్తువులు, దుస్తులు, వెలుతురు, నటులు నిలిచిన తీరు అన్నీ కలిసిన కూర్పు, ఎలా ఉందో, కోత ఎక్కడ పడిందో చెప్పడంలోనే ఏది ముఖ్యం, ఏది కాదు అన్న నిర్ణయం ఇమిడి ఉంటుంది కనుక, ఇక్కడ వర్ణన విశ్లేషణలో మొదటి మెట్టు. కథను తిరగచెప్పే విద్యార్థికీ దృశ్యాన్ని చదివే విద్యార్థికీ తేడా బయటపడేది ఈ మెట్టుమీదే.

ఈ ప్రణాళికలో ఐరోపా వెలుపలి చిత్రాల జాబితాలో మణిరత్నం తీసిన ‘దిల్ సే’ (1998) కూడా చేరడం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. ‘ప్రేమతో’ పేరిట తెలుగులోకి అనువాదమై వచ్చిన ఈ చిత్రం ‘రోజా’ (1992), ‘బొంబాయి’ (1995) తరువాత అదే వరుసలో మూడోదిగా లెక్కకు వస్తుంది. ఆరంభంలో ఆకాశవాణి ఉద్యోగి అమర్ గాలివాన రాత్రి ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో, నల్లటి శాలువా కప్పుకొని కూర్చున్న మనిషిని సిగరెట్‌కు నిప్పు అడుగుతాడు. గాలికి శాలువా ఎగిరిపోయి ఒక యువతి ముఖం కనిపిస్తుంది. ఆమె కోరిన టీ అతను తెచ్చేసరికి రైలు ఆమెను ఎక్కించుకొని కదిలిపోతుంది. వెంటనే కదిలే రైలు పైకప్పు మీద ‘ఛయ్య ఛయ్య’ పాట మొదలవుతుంది. కథాస్థలం ఈశాన్య భారతం, పాటను తీసింది నీలగిరి రైలుమార్గంలో. చీకటిలోంచి ఎండలోకి, ఒంటరి నిరీక్షణలోంచి గుంపు నృత్యంలోకి చిత్రం దూకుతుంది, నాయకుడి పక్కన ఆడే మలైకా అరోరా కథలో పాత్రే కాదు. తెలుగు ప్రేక్షకుడు కనురెప్ప వేయకుండా ఒప్పుకొనే ఈ దూకుడు, స్థలకాలాల అవిచ్ఛిన్నతను దాదాపు సహజనియమంగా నేర్చుకున్న విద్యార్థికి గట్టి ప్రశ్న అవుతుంది: సంతోష్ శివన్ కెమెరా, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం కలిసి నిర్మించిన ఈ భాగం కథనంలో అంతర్భాగమా, కథనానికి విరామమా?

విచిత్రమేమిటంటే ప్రణాళిక ఈ ప్రశ్నను ఇక్కడ ప్రత్యేకంగా అడగదు. విదేశీ చిత్రాల విభాగానికి రూపం, అర్థం–స్పందన, సామాజిక రాజకీయ నేపథ్యం అనే మూడు మౌలికాంశాలే వర్తిస్తాయి. కథన సిద్ధాంతం బ్రిటిష్ చిత్రాలకూ ప్రయోగాత్మక చిత్రాలకూ, ప్రేక్షకత్వం, అంటే చూసేవాడిని చిత్రం ఏ వైఖరిలోకి నడిపిస్తుందన్న చర్చ, 2005 తరువాతి అమెరికన్ చిత్రాలకూ ప్రత్యేకాంశాలుగా దక్కాయి. సిద్ధాంతాన్ని అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టగల చిత్రాలను సిద్ధాంతపు ప్రశ్నకు దూరంగా కూర్చోబెట్టిన ఈ పంపకం విభాగాల బరువును సరిచూసుకోవడానికి ఉపయోగపడి ఉండవచ్చు గానీ, మేధాపరంగా సమర్థించడం కష్టం.

ఈ చదువు తేలికైనదన్న ఆరోపణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లోని ప్రముఖ విశ్వవిద్యాలయాల కూటమి రస్సెల్ గ్రూప్ 2011లో ప్రకటించిన, ప్రవేశాలకు అనుకూలమైన విషయాల జాబితాలో సినిమా లేదు. ఆ జాబితానే 2019లో పక్కన పెట్టారు. ఎంపీసీ, బైపీసీల తరువాతే మిగతా గ్రూపులను లెక్కించే ఇంటర్మీడియట్ లోకానికి ఇలాంటి అంతస్తులు కొత్తేమీ కావు.

అసలు చిక్కు నిర్మాణభాగంలో ఉంది. ఏ-లెవెల్ విద్యార్థి నాలుగైదు నిమిషాల లఘుచిత్రం తీయవచ్చు, లేదా 1,600 నుంచి 1,800 మాటల స్క్రీన్‌ప్లే రాసి అందులో కొంత భాగానికి ఫొటోలతో స్టోరీబోర్డు, అంటే షాట్ల క్రమాన్ని ముందుగా చూపే బొమ్మల వరుస, జతచేయవచ్చు. ఏది చేసినా అది ఒక్కరి పనే కావాలి. ఇతరులు నటించవచ్చు, విద్యార్థి చెప్పినట్టు పరికరాలు నడపవచ్చు, మార్కులు మాత్రం వారికి రావు. ఇంటర్నేషనల్ బాకలోరియా, అంటే ఐబీ డిప్లొమాలోని సినిమా విషయం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 2019లో తొలి మూల్యాంకనం జరిగిన ప్రణాళికలో పరీక్ష గదే లేదు. అయిదు నిమిషాలు మించని చిత్రభాగాన్ని విద్యార్థి మళ్లీ మళ్లీ చూసి 1,750 మాటల లోపు విశ్లేషణ రాస్తాడు, ఉన్నతస్థాయిలో ఇద్దరి నుంచి నలుగురి బృందం కలిసి తీసే ఏడు నిమిషాల లోపు చిత్రానికీ దాని నివేదికకూ 35 శాతం మార్కులు ఉంటాయి. పనిచేసే పద్ధతిలో ఇది సినిమా రంగానికి దగ్గరగా ఉన్నా, బృందంలో ఎడిటర్ చేసిన పనిని దర్శకుడి పని నుంచి విడదీసి కొలవడం మూల్యాంకకుడికి తేలిక కాదు కనుక, ఐబీ ప్రతి విద్యార్థీ ఒక పాత్రను ఎంచుకొని, ఆ పాత్రలో తన ఉద్దేశాలనూ నిర్ణయాలనూ విడిగా నివేదికలో రాయాలని అడుగుతుంది. ఆ విధంగా తెరమీద కనిపించని పనిని నిరూపించే బాధ్యత అక్కడ కూడా తిరిగి కలం మీదే పడుతోంది.