అభ్యంగము: భోగమా, చర్యయా?

మనుస్మృతి ద్వితీయాధ్యాయములో బ్రహ్మచారి వర్జింపవలసిన విషయములు చెప్పబడినవి. అంజనము, పాదరక్షలు, ఛత్రము మొదలగు వానితోపాటు ఒడలికి తైలము మర్దించుకొనుట, అనగా అభ్యంగము, అందు చేరినది. వాగ్భటుడైతే అష్టాంగహృదయ సూత్రస్థానమున, దినచర్యాధ్యాయములో, అదే అభ్యంగమును నిత్యము ఆచరింపుమని విధించెను. ఒక శాస్త్రము వలదన్నదానిని వేరొక శాస్త్రము ప్రతిదినము చేయుమనుచున్నది. దేహసంరక్షణము సాధనకు అంతరాయమా, అంగమా అని సందేహించు జిజ్ఞాసువునకు ఈ వైరుధ్యము ఉపేక్షింపదగినది కాదు.

ముందుగా వైద్యుల మాట విందము. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున మూడు దృష్టాంతములు కలవు. నూనె పట్టిన కుండ, నూనె పట్టిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎట్లు దృఢమై శ్రమకు ఓర్చుకొనునో, అభ్యంగముచే దేహమును అట్లే అగును. దీని వెనుక ఒక తత్త్వవిచారము కలదు. రూపము లేక స్పర్శచే తెలియదగినది వాయువనియు, త్వగింద్రియము వాయవీయమనియు వైశేషికుల సిద్ధాంతము. చరకుడును స్పర్శనేంద్రియమున వాయువే అధికమనియు, అది చర్మమును ఆశ్రయించి యుండుననియు చెప్పి, కావున అభ్యంగము చర్మమునకు పరమహితమని నిర్ణయించెను. వాతము రూక్షము, శీతము, లఘువు. తిలతైలము స్నిగ్ధము, ఉష్ణము, గురువు. విరుద్ధగుణముచే విరుద్ధగుణము శమించును. తైలమునకును ప్రేమకును ‘స్నేహ’మను ఒకే పదమును వాడిన భాష మనది. వైద్యుడు ఈ విషయమును వేరుగా చెప్పడు. ఆ పదమే చెప్పుచున్నది.

మర్దనమంతయు ఒకటే కాదు. సుశ్రుతుడు చికిత్సాస్థానము ఇరువదినాల్గవ అధ్యాయమున దీని భేదములను వేర్వేరుగా నిరూపించెను. తైలముతో చేయునది అభ్యంగము. చూర్ణములతో ఒడలు నలుచుట ఉద్వర్తనము. అది కఫమును, మేదస్సును తగ్గించి అవయవములకు స్థైర్యమునిచ్చును. వివాహములలో పసుపు, సున్నిపిండి కలిపి పెట్టు తెలుగింటి నలుగు ఈ కోవకు చెందినదే. గరుకైన ద్రవ్యములతో రుద్దుట ఉద్ఘర్షణము. మెల్లగా చేతులతో ఒత్తుట సంవాహనము. అది శ్రమను పోగొట్టి నిద్రను కలిగించును. లక్ష్మీదేవి శేషశాయికి చేయు పాదసంవాహనమును చిత్రములలో చూచినవారికి ఈ పదము క్రొత్తది కాదు. పాదాభ్యంగము కన్నులకు హితమని వైద్యులందరి మాట. శిరస్సు, చెవులు, పాదములు అను మూడింటిని విశేషముగా గమనింపుమని వాగ్భటుడు చెప్పెను.

సుశ్రుత వ్యాఖ్యాతయైన డల్హణుడు కాలమును సైతము లెక్కించెను. స్నేహము రోమకూపములను చేరుటకు 300 మాత్రలు, చర్మమునకు 400, రక్తమునకు 500, ఇట్లు ధాతుక్రమమున పెరుగుచు మజ్జను చేరుటకు 900 మాత్రలు పట్టునట. మాత్ర యనగా ఒక హ్రస్వాక్షరమును పలుకు కాలము. దీనిని నేటి శరీరశాస్త్రముతో సరిచూడబూనుట వ్యర్థమని నా అభిప్రాయము. చేతికి తొందర తగదను నియమముగా గ్రహించిన చాలును.

రాజులకు ఇది భోగము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున పాదాభ్యంగము రాజోపభోగములలో ఒకటిగా వర్ణింపబడినది. నేటి తెలంగాణములోని పెక్కు ప్రాంతములు ఆ చాళుక్యుల ఏలుబడిలోనివే. శ్రీకృష్ణదేవరాయల విషయము వేరు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసినదానిని బట్టి, రాయలు తెల్లవారకమునుపే నువ్వుల నూనె త్రాగి, ఒడలెల్ల నూనె పూసుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె చెమటతో వెలువడువరకు శ్రమించి, పిదప మల్లయుద్ధము, గుఱ్ఱపుస్వారీ చేసి స్నానమాడెడివాడు. ఆముక్తమాల్యద వ్రాసిన చేతికి ఈ కఠినచర్యయు ఉండెనన్నమాట.

కేరళమున ఈ విద్య రెండు పాయలైనది. ఒకటి వైద్యుల పిళిచ్చిల్; గోరువెచ్చని తైలమున ముంచిన వస్త్రమును పిండుచు ధారగా పోసి మర్దించుట. రెండవది కళరి గురువుల చవిట్టి ఉళిచ్చిల్. పైన కట్టిన త్రాటిని పట్టుకొని పాదముతో మర్దించుట. శిష్యుని దేహమును ఆయుధవిద్యకు అనువుగా మలచుటకు ఇది ఏర్పడినది.

తూర్పున సియాము దేశమున తైలము లేదు. అచట వస్త్రము ధరించిన దేహముపైననే ఒత్తుటయు, యోగాసనములను తలపించునట్లు అవయవములను సాగదీయుటయు ప్రధానము. ఆ విద్యవారు బుద్ధుని వైద్యుడైన జీవకుని ఆదిగురువుగా స్మరింతురు. జీవకుడు అచటికి పోయెనని కాదు, బౌద్ధముతో ఆయన నామము పోయినది. పడమటికి మరియొక విధముగా పోయినది. 1759లో పట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ ఇంగ్లాండులోని బ్రైటన్ నగరమున ఆవిరిస్నానముతో కూడిన మర్దనశాలను నెలకొల్పి, రాజు నాల్గవ జార్జికి సైతము మర్దనవైద్యుడయ్యెను. ఒత్తుమను అర్థముగల హిందీ ‘చాంపో’ ఆంగ్లేయుల నోట ‘షాంపూ’యై, కేశప్రక్షాళనమునకు పేరై, తుదకు మన స్నానాల గదికి తిరిగివచ్చి కుంకుడుకాయను వెళ్లగొట్టినది!

ఇక మొదటి సందేహము. మనువు బ్రహ్మచారికి నిషేధించినది అంజనాది అలంకారముల నడుమనున్న అభ్యంగమును. రోగికి చేయు చికిత్సను కాదని తోచుచున్నది. వైద్యశాస్త్రమును అందరికీ అన్నివేళలా చేయుమనలేదు. కఫపీడితుడు, అజీర్ణముగలవాడు, శోధనకర్మ ముగించినవాడు మానవలెనని వాగ్భటుడే చెప్పెను. గృహస్థునకు ధర్మనిబంధకారులు సంవత్సరాది, నరకచతుర్దశి వంటి దినములలో తైలాభ్యంగమును కర్తవ్యముగనే విధించిరి. దీపావళి వేకువన తల్లి తలకు నూనె అంటుట ఆ విధిని పాటించుటయే. యోగికి స్వాత్మారాముని హఠయోగప్రదీపిక వేరొక మార్గము చూపినది. ప్రాణాయామశ్రమచే పుట్టిన స్వేదముతోనే అతడు తన గాత్రమును మర్దించుకొనవలెను. దానిచే దేహమునకు దృఢత్వము, లఘుత్వము కలుగునని ఫలశ్రుతి. అచట తైలము లేదు, మర్దించు పరిచారకుడు లేడు. మర్దనము మాత్రము ఉన్నది.